తొక్కు సీస

సొహార్‌ల, రౌండబౌటు గడ్డికి నీళ్లిడిసే వాల్వు గుంత.
మూత లేపితే, దాని అడుగున
తలకిందులుగ వేలాడుతున్నది.
సాంచకు పూసే నూనెబొట్టంత నలుపు,
కడుపు మీద ఎర్రటి గుర్తు,
పైసలు పంపిన రసీదు మీద కొట్టిన ముద్రలెక్క.
ఫోర్‌మన్ చెప్పు తీసిండు.
నేను చెయ్యి అడ్డం పెట్టిన.
ఎందుకో ఇప్పటికీ సరిగ్గ తెల్వది.

తొక్కు సీసను మూడుసార్లు సబ్బుతోని కడిగిన,
ఆవపిండి వాసన పోలే.
మూతకు సూది కాల్చి పదకొండు చిల్లులు.
ఎక్కి తిరగడానికి ఒక ఖర్జూరపు ఈనె.
ఇరవై రెండో రూము, కింది మంచం కింద,
నా పెట్టె వెనుక.

బిజుమోన్ ఫోనుల చూసి పేరు చెప్పిండు:
నల్ల విధవ.
ఆ మాటను కొంచెం వంచి
కొన్ని దిక్కుల తిట్టుగ వాడుతరు.
"మగన్ని తింటదట," అన్నడు శఫీకుల్
కాళ్లు మంచం మీదికి గుంజుకుంట.
తిన్నదో లేదో నేను చూడలే.
చూడనిదానికి పేరు పెట్టొద్దని ఊకున్న.

మాది సిరిసిల్ల.
పన్నెండేండ్లు సాంచల నడుమ నిలబడ్డోణ్ని.
మొదటి రాత్రి టార్చి పట్టి దాని నేత చూస్తే
నవ్వొచ్చింది.
ఇదేం అల్లిక? ఉత్త చిక్కు.
మా సేటు చూస్తే కూలి కోసెటోడు.

వారానికి అర్థమైంది.
మీది చిక్కు దాని ఇల్లు.
కిందికి దించిన నిలువు పోగులు వేరే, బిర్రుగ,
ఒక్కొక్కదాని కొసన జిగురు బొట్లు.
బొద్దింక కాలు తగిలిందా,
పోగు నేలనొదిలి పైకి ఎగుర్తది,
బొద్దింక గాలిల.
పడుగు ఉన్నది, పేక లేదనుకున్న.
పేక పురుగే.

శుక్రవారం శుక్రవారం ఒక బొద్దింక,
మా వంటగదిల వాటికి కరువా.
దూది పిండి ఒక నీళ్లబొట్టు.
మూత తీసినంతసేపు ఫ్యాను బంద్, మాటలు బంద్.
తేజ్ బహదూర్ అయితే ఊపిరి కూడా బంద్.

అదే గుంతల ఇంకోటి దొరికింది,
మట్టిరంగుది, బియ్యపు గింజంత. మగది.
సీసల ఇడిసి నడిరాత్రి దాంక కూసున్న.
వాడు ఆ కొసన నిలబడి పోగు మీటుతుండు,
మీటి, ఆగి, మళ్ల మీటుతుండు.
తెల్లారి చూస్తే బతికే ఉన్నడు,
మూత దగ్గర, నైట్ డ్యూటీ దిగినోనిలెక్క.
బయట చెట్టు మొదట్ల ఇడిసొచ్చిన.
శఫీకుల్ నమ్మలే.
పందెం అర్ధరియాలు ఇంకా బాకీ.

ఆగస్టు తొమ్మిది. ఉండ.
పచ్చి పట్టు రంగు, కండె చుట్టినంత బిగుతు.
ఏసీ నడిస్తే ఇటు,
కరెంటు పోయి రూము ఉడికితే అటు,
కాళ్లతోని పట్టుకొని జరుపుతది దాన్ని.

రెండు వందల పిల్లలన్నడు బిజుమోన్.
నా సూది చిల్లులల్లకెల్లి సుఖంగ దూరుతయట.
రూముల ఎనిమిది మందిమి.
ఎవ్వరూ నన్ను ఏమనలే,
అందరూ సీస దిక్కే చూసిండ్రు.
పొడుగు చిమట తెచ్చి
ఉండను గుంజి, కవర్ల చుట్టి, ఫ్రీజర్ల పెట్టిన
బిజుమోన్ చేపల పక్కన.

ఆ రాత్రి అది వెతికింది.
ముందటి కాలు ఒక పోగు మీద పెట్టి,
ఆగి, తీసి, పక్క పోగు మీద పెట్టి.
సాంచ మీద పోగు తెగితే చప్పుడు మారుతది,
నిద్రల ఉన్నోడు గూడ లేస్తడు.
తెగిన కొసకోసం వేళ్లు ఎట్ల తడుముతయో
నాకు చెప్పనక్కర లేదు.
మూడు రాత్రులు.
నాలుగోనాడు, శుక్రవారం కాకున్నా,
బొద్దింకను ఏసిన.
ముట్టలే.

పదహారోనాడు బూట్లకు లేసు కడుతుంటే
మంచం కిందికి వంగిన తేజ్ పిలిచిండు.
ఇంకో ఉండ.
సగం దాంక అయింది.
బయట బస్సు హారన్ మీద హారన్.
ఫ్రీజర్ల తావున్నదో లేదో
బిజుమోన్‌ను అడగాలె.